సీసాలో తగ్గిన 35 మిల్లీలీటర్లు

ఒక కొలజాడీలో సరిగ్గా 500 మిల్లీలీటర్ల మెథనాల్ తీసుకోండి. ఇంకో కొలజాడీలో సరిగ్గా 500 మిల్లీలీటర్ల నీళ్లు. రెండింటినీ పెద్ద సీసాలో పోసి, మూత బిగించి, నాలుగుసార్లు తిప్పండి. సీసా చేతికి గోరువెచ్చగా తగులుతుంది. లోపల సన్నటి బుడగలు లేస్తాయి. చల్లారాక కొలిచి చూస్తే వెయ్యి మిల్లీలీటర్లు ఉండవు, సుమారు 965 ఉంటాయి. చుక్క కూడా ఒలకలేదు, ఆవిరీ కాలేదు. నీటి అణువులూ మెథనాల్ అణువులూ ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుని, విడిగా ఉన్నప్పటికంటే ఇరుగ్గా సర్దుకున్నాయి. మిగిలిన 35 మిల్లీలీటర్ల చోటు ఆ ఇరుకులో కలిసిపోయింది.

జీడిమెట్లలో, పాశమైలారంలో, విశాఖ దగ్గర పరవాడలో మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు ఈ పని చేస్తూనే ఉంటారు. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చినప్పటి నుంచి హైదరాబాద్ చుట్టూ పెరిగిన ఈ పరిశ్రమలో కొన్ని వేల మంది తెలుగు పిల్లలు బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఫార్మసీ చదివి మొదటి ఉద్యోగంగా చేసేది ఇదే. దీన్ని ‘మొబైల్ ఫేజ్ ప్రిపరేషన్’ అంటారు. ల్యాబుల్లో దీన్ని కొత్తగా చేరినవాళ్లకు అప్పగించే చిన్న పనిగా చూస్తారు. యంత్రం ముందు కూర్చోవడమే పెద్ద పని అనుకుంటారు. ఆ అంచనా తప్పని నా నమ్మకం. ఎందుకో అంకెలతోనే చూపిస్తాను.

ముందు యంత్రం సంగతి. హెచ్‌పీఎల్‌సీ అంటే హై పర్ఫార్మెన్స్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ. మీరు వేసుకునే బీపీ మాత్రలో మందు ఎంతుంది, దాంతోపాటు ఉండకూడని మలినాలు ఎన్ని ఉన్నాయి అన్నది తేల్చే యంత్రం. దాని గుండెకాయ కాలమ్. మామూలుగా వాడేది 250 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న స్టీలు గొట్టం. అందులో 5 మైక్రాన్ల సిలికా రేణువులు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో రేణువుకు 18 కార్బన్ల గొలుసులు నూనె పూసినట్టు అంటుకుని ఉంటాయి. అందుకే దాన్ని సీ18 కాలమ్ అంటారు. ఖాళీ గొట్టంలో 4.15 మిల్లీలీటర్లు పడతాయి. రేణువులు నిండాక ద్రవానికి మిగిలే చోటు అందులో దాదాపు 60 శాతం, అంటే 2.5 మిల్లీలీటర్లు. మందు ద్రావణాన్ని ఒక కొసన ఎక్కిస్తారు. నిమిషానికి 1 మిల్లీలీటరు చొప్పున, సీసాలో కలిపిన ద్రవం, అంటే మొబైల్ ఫేజ్, దాన్ని రెండో కొసకు నెట్టుకుపోతుంది. నూనె గొలుసులను గట్టిగా పట్టుకునే అణువు ఆలస్యంగా బయటికొస్తుంది, పట్టుకోనిది 2.5 నిమిషాలకే వచ్చేస్తుంది. ప్రతిదానికీ ఒక సమయం. అదే రిటెన్షన్ టైమ్, ల్యాబ్ మాటల్లో ‘ఆర్టీ’.

ఆ పట్టు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేది కాలమ్ ఒక్కటే కాదు. సీసాలో మనం కలిపిన నీళ్లు, మెథనాల్ పాళ్లు కూడా నిర్ణయిస్తాయి. చిన్న అణువుల విషయంలో అనుభవజ్ఞులంతా వాడే ఒక మోటు లెక్క ఉంది: మొబైల్ ఫేజ్‌లో మెథనాల్ 10 శాతం పెరిగితే కాలమ్ పట్టు మూడో వంతుకు పడిపోతుంది, 10 శాతం తగ్గితే మూడింతలవుతుంది. ఈ లెక్కను మనసులో పెట్టుకుని సీసా దగ్గరికి వెళ్దాం.

మెథడ్ కాగితం మీద ‘మెథనాల్, నీళ్లు 50:50’ అని ఉంటుంది. ముగ్గురు అనలిస్టులు దాన్ని మూడు రకాలుగా చేస్తారు. మొదటి ఆయన రెంటినీ విడివిడిగా 500 చొప్పున కొలిచి కలుపుతాడు. రెండో ఆవిడ లీటరు ఫ్లాస్కులో 500 మెథనాల్ పోసి, గీత వరకు నీళ్లతో నింపుతుంది. ఈ పద్ధతిని ‘మేకప్’ చేయడమంటారు. సంకోచం వల్ల గీత చేరడానికి ఆవిడకు 500 కాదు, సుమారు 535 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. మూడో ఆయన ముందు 500 నీళ్లు పోసి, మెథనాల్‌తో మేకప్ చేస్తాడు. ఆయనకు మెథనాల్ 535 దాకా పడుతుంది. ముగ్గురి సీసాల మీదా లేబుల్ ఒక్కటే. లోపల మెథనాల్ పాలు మాత్రం మొదటి సీసాలో 50 శాతం, రెండోదానిలో 48.3, మూడోదానిలో 51.7.

ఇప్పుడు మోటు లెక్క వేద్దాం. మొదటి సీసాతో 15 నిమిషాలకు వచ్చే పీక్ ఒకటి, అంటే అణువు బయటికొచ్చినప్పుడు తెర మీద లేచే శిఖరం, ఉందనుకోండి. రెండో సీసాతో అది 17.6 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. మూడో సీసాతో 12.9కే వచ్చేస్తుంది. ఒకే మందు, ఒకే కాలమ్, ఒకే యంత్రం. రెండో సీసాకూ మూడో సీసాకూ మధ్య దాదాపు ఐదు నిమిషాల తేడా. ఈ తేడా కొలవడంలో ఎవరిదో చెయ్యి వణికి వచ్చింది కాదు. ముగ్గురూ గీత దగ్గర కళ్లు పెట్టి, బుద్ధిగా కొలిచినవాళ్లే.

ఈ మూడో మనిషిని నేనే. ట్రైనీగా చేరిన రెండో నెల, నైట్ షిఫ్టు. ల్యాబ్‌లో 500 మిల్లీలీటర్ల కొలజాడీ, అంటే సిలిండర్, ఒకటే కడిగి ఉంది. దాంతో నీళ్లు కొలిచి లీటరు ఫ్లాస్కులో పోశాను, మెథనాల్‌తో గీత దాకా నింపాను. లాగ్‌బుక్‌లో 50:50 అని రాశాను. అది అబద్ధమని నాకు తెలియదు. పీక్ పదిహేనో నిమిషానికి రావాల్సింది, పదమూడు దాటకుండానే వచ్చింది. పక్కనున్న మలినం పీక్ దాని ఒళ్లో కూర్చుంది. కాలమ్ పాతదయిందన్నారు, మార్చాం. పంపు సీలు లీకవుతోందేమో అన్నారు, విప్పి చూశాం. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఒక సీనియర్ వచ్చి యంత్రం వైపు చూడనే లేదు. నేరుగా నన్నే అడిగారు.

“ఆ రాత్రి సిలిండర్లు ఎన్ని వాడావు?”

“ఒకటే సర్.”

“రెండోది లేకుండా యాభై యాభై ఎట్లా కొలిచావు బాబూ?”

అంతే. ఆయన అక్కడే నా ముందు రెండు సిలిండర్లు పెట్టి కొత్త సీసా కలిపించారు. గంటన్నరకు పీక్ పదిహేనో నిమిషానికి వచ్చి నిలబడింది. ఆ రోజు సీసా పట్టుకున్నప్పుడు చేతికి తగిలిన వెచ్చదనం నాకింకా గుర్తుంది. ఆ వెచ్చదనం అణువులు ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కున్న గుర్తు అని అప్పుడు తెలిసింది. మెథనాల్ బదులు వాడే అసిటోనైట్రైల్‌ను నీళ్లతో కలిపితే దీనికి తలకిందులుగా జరుగుతుంది: సీసా చల్లబడుతుంది. దాన్ని గది వేడికి రానివ్వకుండా యంత్రానికి పెడితే, లోపల వేడెక్కుతున్నకొద్దీ గ్యాసు విడుదలై బుడగలు కడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫలితం సరైనదో కాదో చూడడానికి ల్యాబుల్లో సిస్టమ్ సూటబిలిటీ అనే పరీక్ష ఉంది. అందులో భాగంగా ఒకే ద్రావణాన్ని ఐదుసార్లు ఎక్కించి, పీకుల వైశాల్యంలో తేడా 2 శాతం లోపే ఉందా అని చూస్తారు. మంచి పరీక్షే. కానీ సీసా తప్పయితే ఆ ఐదుసార్లూ తప్పు సీసాలోంచే మొబైల్ ఫేజ్ వస్తుంది. ఐదూ ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు సరిపోతాయి. తప్పును పట్టుకునేది ఆర్టీ, పక్క పీకుతో ఉన్న ఎడం. ఆ రెంటినీ పోయిన నెల రికార్డుతో పోల్చి చూసే అలవాటు ఉన్న అనలిస్టు ల్యాబ్‌కు పెద్ద అండ.

యంత్రంలోనే రెండు సీసాల నుంచి పంపు విడివిడిగా పీల్చి కలిపే ఏర్పాటు ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. పంపు రెండు సిలిండర్ల పద్ధతినే పాటిస్తుంది కదా. అయినా ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం, చెప్పే మెథడ్లు చాలావాటిలో ముందే కలిపిన మొబైల్ ఫేజే వాడతారు.

ఇక నీళ్లు. కుళాయి నీళ్లు, బబుల్ టాప్ నీళ్లు పనికిరావు. ల్యాబుల్లో ‘మిల్లీక్యూ నీళ్లు’ అనే వాడుక ఉంది, అది ఒక బ్రాండు పేరే మామూలు మాటగా మారిపోయింది. ఆ నీళ్లకు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర విద్యుత్ నిరోధకత 18.2 మెగాఓమ్-సెంటీమీటర్లు ఉండాలి. లవణాలన్నీ తీసేశాక నీటి అణువులు తమంతట తాము విడిపోయి ఏర్పడే అయాన్లు మాత్రమే మిగిలినప్పుడు వచ్చే అంకె అది, అంతకు మించి పోదు. అయితే ఈ అంకె లవణాల సంగతే చెబుతుంది. సేంద్రియ మలినాలు ఉన్నా 18.2 వస్తుంది. అందుకే వాటిని విడిగా చూడాలి. నీళ్లు శుద్ధి చేసే మంచి యంత్రాల్లో అవి వంద కోట్ల పాళ్లలో 5 పాళ్లకు మించవు. గ్రేడియెంట్ నడిపేటప్పుడు, అంటే మొదట నీళ్లు ఎక్కువగా మొదలుపెట్టి క్రమంగా మెథనాల్ లాంటి సాల్వెంటు పెంచేటప్పుడు, నీళ్లలోని ఈ చెత్తంతా కాలమ్ ముఖద్వారంలో పోగుపడి, తర్వాత ఒక్కసారిగా పీకులై బయటికొస్తుంది. ఏమీ ఎక్కించకుండానే వచ్చే ఆ పీకుల్ని ‘ఘోస్ట్ పీక్’లంటారు. వాటిలో సగానికి సగం నీళ్ల పాపమేనని నా అనుభవం. మిగిలినవి సీసాను సబ్బుతో కడిగి సరిగ్గా జాడించకపోవడం వల్ల. మొబైల్ ఫేజ్ సీసాకు సబ్బు తగలనివ్వకపోవడమే మేలు.

సాల్వెంటు ఎంపికలో డిటెక్టర్ మాట కూడా వినాలి. చాలా యంత్రాల్లో అతినీలలోహిత కాంతితో, అంటే యూవీతో, పీకును చూస్తారు. మెథనాల్ 205 నానోమీటర్ల దగ్గరా, అంతకు కిందా తానే కాంతిని మింగేస్తుంది. అసిటోనైట్రైల్ 190 దాకా పారదర్శకంగా ఉంటుంది. 210 దగ్గర చూడాల్సిన మందుకు మెథనాల్ వాడితే బేస్‌లైన్ గరుకు రోడ్డులా వస్తుంది. కంటికి రెండూ నీళ్లలాగే తేటగా కనిపిస్తాయి.

మందు అణువులు చాలావరకు ఆమ్లాలో క్షారాలో. అందుకే నీళ్ల బదులు పీహెచ్‌ను నిలబెట్టే బఫర్ వాడతారు. 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్ లీటరు కావాలంటే పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2.72 గ్రాములు తూచి నీళ్లలో కరిగించి, పలుచటి ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తూ పీహెచ్ 3.0కు తెస్తారు. చూడ్డానికి సులువే. చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది, బఫర్ అనేది అన్ని పీహెచ్‌ల దగ్గరా బఫర్ కాదు. ఫాస్ఫేట్‌కు పీకేఏ విలువలు, అంటే సగం అణువులు ఒక హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసే పీహెచ్‌లు, 2.15, 7.20, 12 పైన ఇంకొకటి. పీకేఏకు ఇటు ఒకటి, అటు ఒకటి, ఆ పరిధిలోనే అది పీహెచ్‌ను పట్టి నిలబెడుతుంది. పీహెచ్ 5 దగ్గర ఫాస్ఫేట్ ఉన్నా లేనట్టే. మీటరు 5.00 చూపిస్తుంది, లాగ్‌బుక్‌లో 5.00 పడుతుంది, కానీ ఆ అంకెను కాపాడే బలం ద్రావణానికి లేదు. అక్కడ పీకేఏ 4.76 ఉన్న అసిటేట్ వాడాలి.

రెండోది, పీహెచ్ ఎప్పుడు చూడాలన్నది. మెథనాల్ కలపకముందే చూడాలి. పీహెచ్ ఎలక్ట్రోడును నీటి ప్రమాణ ద్రావణాలతో కాలిబ్రేట్ చేస్తాం. సాల్వెంటు కలిశాక అది చూపే అంకెకు ఆ అర్థం ఉండదు. కలిపాక చూసి 3.0కు దించితే, అవసరమైన దానికంటే ఆమ్లం ఎక్కువ పడిపోతుంది. ఎంత తేడా వస్తుందంటారా? మందు పీకేఏ, మొబైల్ ఫేజ్ పీహెచ్ ఒకటే అయినచోట అణువుల్లో సరిగ్గా సగం అయాన్లుగా ఉంటాయి. పీహెచ్ ఒక్క 0.1 జరిగితే ఆ 50 శాతం కాస్తా 56 అవుతుంది, లేదా 44 అవుతుంది. అయాన్లు నూనె గొలుసుల్ని పట్టుకోవు, జారిపోతాయి. అమెరికా ఫార్మకోపియా 621వ అధ్యాయం పీహెచ్‌ను 0.2 వరకు, బఫర్ గాఢతను 10 శాతం వరకు సర్దుకోనిస్తుంది. ఆ వెసులుబాటు మెథడ్‌ను సరిచేసుకోవడానికి ఇచ్చింది. అజాగ్రత్తకు అదొక సాకుగా మారడం నాకు నచ్చదు.

బఫర్ కరిగింది కదా అని వదిలేయకూడదు, వడకట్టాలి. 47 మిల్లీమీటర్ల గుండ్రటి పొర, దాని రంధ్రాలు 0.45 మైక్రాన్లు. 2 మైక్రాన్లకంటే చిన్న రేణువుల కాలమ్ అయితే 0.2 మైక్రాన్లు. కాలమ్ మొదట్లో ఉండే జల్లెడకు కన్నాలు దాదాపు 2 మైక్రాన్లే. కంటికి కనిపించని దుమ్ము అక్కడ ఇరుక్కుంటే ప్రెషర్ పెరుగుతూ పోతుంది. నీళ్లకు ఇష్టపడని టెఫ్లాన్ పొర మీద బఫర్ పోసి ‘దిగట్లేదు సర్’ అనే ట్రైనీ ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. దాన్ని ముందు మెథనాల్‌తో తడపాలి, లేదా నైలాన్ పొర వాడాలి.

తర్వాత గాలి. మామూలు గాలి తగిలే నీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. మెథనాల్‌లో దానికి దాదాపు 8 రెట్లు కరుగుతుంది. రెండూ కలిసిన మిశ్రమం మాత్రం ఆ రెండింటి సగటు కంటే తక్కువ గ్యాసునే పట్టుకోగలదు. మిగిలినది బయటికి రాక తప్పదు. మొదట్లో సీసాలో లేచిన సన్నటి బుడగలు అవే. అవి సీసాలో లేస్తే ఫర్వాలేదు, పంపు లోపల లేస్తేనే ముప్పు. పంపు ద్రవాన్ని నెట్టగలదు. బుడగను నొక్కితే అది కుంచించుకుపోయి మళ్లీ విచ్చుకుంటుంది. ప్రెషర్ గుర్రంలా ఎగిరిపడుతుంది, ఫ్లో నిమిషానికి 1 మిల్లీలీటరు అని తెర మీద ఉంటుందే తప్ప కాలమ్‌లోకి అంత పోదు. అందుకే వాక్యూమ్ పెట్టి వడకట్టడం, పది నిమిషాలు సోనికేట్ చేయడం, లేదా హీలియం పంపడం. కొత్త యంత్రాల్లో లోపలే డీగ్యాసర్ ఉంది. కానీ వాక్యూమ్‌ను అరగంట అట్లాగే వదిలేస్తే గాలితోపాటు మెథనాల్ కూడా పోతుంది. మెథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది మరి. గాలి తీయబోయి పాళ్లు పాడుచేసుకున్నట్టవుతుంది. మెథనాల్ ఆవిరి పీలిస్తే కళ్లకు, నరాలకు హాని కాబట్టి ఈ పనంతా ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి.

తయారైన బఫర్ ఎన్నాళ్లు ఆగుతుంది? పీహెచ్ 7 దగ్గరున్న ఫాస్ఫేట్ బఫర్ గది వేడిలో రెండు మూడు రోజులకే సూక్ష్మజీవులకు విందు భోజనం. సీసా అడుగున బూజు వచ్చిందంటే కాలమ్ మీద ఆశ వదులుకోవచ్చు. పాత సీసాలో కొంచెం మిగిలి ఉంటే దానిమీద కొత్తది పోయడం పెరుగుకు తోడు పెట్టడం లాంటిదే. రాత్రి పని ముగించేటప్పుడు బఫర్‌ను కాలమ్‌లో వదిలేయకూడదు, నేరుగా అసిటోనైట్రైల్ ఎక్కించనూ కూడదు. సాల్వెంటు పాళ్లు 70 శాతం దాటితే ఫాస్ఫేట్ లవణం ఇసుకలా బయటపడే ప్రమాదం ఉంది. ముందు 10 శాతం మెథనాల్ కలిపిన నీళ్లతో కాలమ్‌లో ద్రవానికి మిగిలే చోటుకు పది ఇరవై రెట్లు, అంటే 25 నుంచి 50 మిల్లీలీటర్లు పోనివ్వాలి. ఇంటికెళ్లే తొందరలో ఉన్నవాడికి ఆ అరగంట, ముప్పావుగంట చాలా పొడుగ్గా కనిపిస్తుంది.

ఈ సీసాలకు ప్రపంచంతో ఉన్న లంకె 2008లో అందరికీ తెలిసొచ్చింది. అసిటోనైట్రైల్‌ను దానికోసమే పనిగట్టుకుని చేసేది తక్కువ. యాక్రిలోనైట్రైల్ తయారీలో అది పక్క సరుకు. 100 కిలోలకు 2 నుంచి 4 కిలోలు వస్తుంది. యాక్రిలోనైట్రైల్ వెళ్లేది యాక్రిలిక్ దారానికీ, కార్లలో వాడే ప్లాస్టిక్‌కూ. ఆ ఏడాది మాంద్యంతో కార్ల గిరాకీ పడిపోయింది. బీజింగ్ ఒలింపిక్స్ కోసం, గాలి శుభ్రంగా ఉండాలని అక్కడి ఫ్యాక్టరీలు మూశారు. సెప్టెంబరులో ఐక్ తుఫాను అమెరికాలోని టెక్సాస్ తీరాన్ని కొట్టింది. ధర ఎన్నో రెట్లు పెరిగింది. ప్రపంచమంతా ల్యాబులు మెథనాల్ వైపు చూశాయి, సన్నటి కాలమ్‌ల వైపు కూడా. 4.6కు బదులు 2.1 మిల్లీమీటర్ల కాలమ్ వాడితే అడ్డకోత 4.8 రెట్లు తగ్గుతుంది, సాల్వెంటూ అంతే తగ్గుతుంది. నిమిషానికి 1 మిల్లీలీటరు చొప్పున రోజంతా నడిచే యంత్రం 1,440 మిల్లీలీటర్లు తాగుతుంది. అలాంటివి యాభై ఉన్న ల్యాబ్ అనుకుంటే రోజుకు 72 లీటర్లు. అదంతా చివరికి వేస్ట్ క్యాన్లలోకే చేరుతుంది. సన్న కాలమ్‌తో అది 15 లీటర్లు. మన ఊళ్ల చెరువుల పక్కనే ఈ ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి, ఆ 57 లీటర్ల తేడా నాకు చిన్నదిగా అనిపించదు.

చివరిగా మన ఎండల మాట. కొలజాడీ మీద గీతలు 20 డిగ్రీల వేడికి గీసినవి. మే నెలలో సాల్వెంట్ స్టోరు నుంచి అప్పుడే తెచ్చిన మెథనాల్ 35 డిగ్రీలుండడం కొత్తేమీ కాదు. మెథనాల్ ఒక్కో డిగ్రీకి వెయ్యిలో 1.2 వంతు వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీలకు లెక్కేస్తే, 500 గీత దగ్గర మీరు కొలిచింది నిజానికి 491 మిల్లీలీటర్లే. అదే వేడికి నీళ్లలో వచ్చే తేడా 2 మిల్లీలీటర్లు మాత్రమే. జనవరిలో సరిగ్గా వచ్చిన ఆర్టీ మేలో జరిగితే కాలమ్‌ను అనుమానించే ముందు మెథనాల్ సీసాను ఏసీ గదిలో రెండు గంటలు ఉంచి చూడండి.

ఇంకా మంచి దారి తూకం. వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా గ్రాము గ్రామే. మెథడ్ వాల్యూమ్‌లో రాసి ఉంటే దాన్ని గ్రాముల్లోకి మార్చడానికి చేంజ్ కంట్రోల్ కాగితాలు నడపాలి, వ్యాలిడేషన్ చూపాలి. అది ఒకనాటి పని కాదు. కానీ కొత్త మెథడ్ రాసేవాళ్లకు ఆ అవకాశం మొదటి రోజే చేతిలో ఉంది. సీసాను తక్కెడ మీద పెట్టి సున్నా చేసి, 20 డిగ్రీల దగ్గర 500 మిల్లీలీటర్లకు సమానమైన 396 గ్రాముల మెథనాల్ పోసి, దానిమీద 499 గ్రాముల నీళ్లు పోయండి. మూత బిగించి తిప్పండి. సీసా వెచ్చబడుతుంది, మట్టం దిగుతుంది. మళ్లీ తక్కెడ మీద పెట్టి చూడండి: 895.